ఒంటెద్దు సాధన, జోడెద్దుల ఆట

బాస్కెట్‌బాల్ గురించి తెలుగులో రాయబూనడానికి కొంత సాహసం కావాలి. క్రికెట్ మీద నాలుగు మాటలు రాస్తే పదిమంది చేరి వాదిస్తారు. కబడ్డీ మీద రాస్తే చిన్ననాటి మోకాటి దెబ్బలు తలచుకొనేవారు ఉంటారు. ఈ ఆటకు మన దగ్గర అంతటి భాగ్యం లేదు. బడి ఆవరణలో ఓ మూల సిమెంటు గచ్చు, రెండు ఇనుప స్తంభాలు, వల ఎప్పుడో ఊడిపోయిన రెండు రింగులు. చాలామంది మనసులో ఈ ఆట బొమ్మ ఇంతే. అయినా ఈ టపా రాస్తున్నాను. ఆట తెలియనివారికి కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను. తెలిసినవారు కాస్త ఓపిక పట్టండి.

చెప్పదలచుకున్నది మొదటే చెప్పేస్తాను. పిల్లలకు ఈ ఆట నేర్పేటప్పుడు పొడుగువాళ్ళను ఒక రింగు కిందికీ, పొట్టివాళ్ళను రెండో రింగు వైపుకీ పంపి, ఎవరి సాధన వారిచేత విడివిడిగా చేయించే పద్ధతి ఒకటి ఉంది. పొజిషన్ డ్రిల్స్ అని దానికి పేరు. సాధన కాలమంతా ఈ విభజనతోనే గడిచిపోతే, నేటి బాస్కెట్‌బాల్‌కు ఆయువుపట్టయిన బాల్ స్క్రీన్ ఎత్తుగడ పిల్లలకు ఎన్నటికీ పట్టుబడదు. ఆ నష్టం ఆటకు జరిగేది కొంతే, పిల్లలకు జరిగేది ఎక్కువ అని నా అభిప్రాయం.

నేను వృత్తిరీత్యా శిక్షకుణ్ణి కాను. చదువుకొనే రోజుల్లో ఆడినవాణ్ణి, ఆ తరవాత చాలా ఏళ్ళుగా సాయంత్రాలు పిల్లలచేత ఆడిస్తున్నవాణ్ణి. ఆ పాటి అర్హతతోనే ఈ మాటలు. 'వాడు' అని రాసిన చోటల్లా 'ఆమె' అని కూడా చదువుకోవలసిందిగా మనవి. నా దగ్గర ఆడేవారిలో సగం మంది అమ్మాయిలే.

అడ్డు అనే మాట

స్క్రీన్ అంటే తెర అని నిఘంటువు చెబుతుంది. ఈ ఆటలో ఆ తెర ఒక మనిషి. బంతిని నేలకు కొడుతూ నడిపిస్తున్న ఆటగాణ్ణి ప్రత్యర్థి ఒకడు అంటిపెట్టుకొని కాపలా కాస్తుంటాడు. అప్పుడు బంతి లేని సహచరుడు ఒకడు వచ్చి, ఆ కాపలాదారు నడవబోయే దారిలో కదలకుండా నిలబడతాడు. బంతి నడిపేవాడు ఆ నిలబడ్డవాడి పక్కనుంచి, దాదాపు భుజం భుజం రాసుకొనేంత దగ్గరగా దాటిపోతాడు. కాపలాదారు ఆ మనిషికి తగిలి ఒక అడుగో అర అడుగో వెనకబడతాడు. ఇదే బాల్ స్క్రీన్. నిలబడ్డవాడు మరుక్షణం తిరిగి రింగు వైపు దూసుకుపోతే దాన్ని పిక్ అండ్ రోల్ అంటారు. రింగు వైపు పోకుండా వెనక్కి జరిగి షాట్ వేయడానికి సిద్ధపడితే పిక్ అండ్ పాప్ అంటారు.

తెలుగులో దీనికి 'అడ్డు' అన్న మాటే నాకు నచ్చుతుంది. మన భాషలో అడ్డుపడడానికి రెండర్థాలున్నాయి. ఒకరి పనికి అడ్డుపడడం ఒకటి. కొట్లాటలో దెబ్బ తినబోయేవాడికి అడ్డుపడి కాపాడడం మరొకటి. స్క్రీన్ వేసేవాడు ఒకే క్షణంలో ఈ రెండు పనులూ చేస్తాడు. అవతలివాడి దారికి ఆటంకమవుతాడు, తనవాడికి ఆసరా అవుతాడు.

ఆట నియమాలు ఈ అడ్డు మీద గట్టి షరతులే పెట్టాయి. అడ్డు నిలిచేవాడు తగిలే సమయానికి కదలకుండా ఉండాలి. రెండు పాదాలూ నేల మీద ఉండాలి. తన దేహానికి దక్కిన చోటు దాటి చెయ్యి గానీ, తుంటి గానీ, మోకాలు గానీ బయటికి చాపకూడదు. పరుగులో ఉన్న ప్రత్యర్థికి ఆగడానికో పక్కకు తప్పుకోవడానికో వీలుగా ఒకటి రెండు అడుగుల ఎడం ఇవ్వాలి. ఇందులో ఏది తప్పినా ఫౌల్, బంతి అవతలి జట్టుకు.

ఈ షరతులను కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. అడ్డు నిలిచేవాడు తనంతట తానుగా ఎవరినీ ఆపలేడు. ఆ కాపలాదారును సరిగ్గా ఆ మనిషి మీదికి నడిపించుకు రావలసింది బంతి నడిపేవాడే. వాడు తొందరపడి ముందే కదిలితే అడ్డు నిలిచినవాడు ఇంకా కుదురుకొని ఉండడు. అప్పుడు ఫౌల్ పడేది అడ్డు మీద, తప్పు మాత్రం బంతి నడిపినవాడిది. వాడు మరీ దూరంగా దాటిపోతే ఆ ఇద్దరి మధ్య సందులోంచి కాపలాదారు సులువుగా జారుకుంటాడు. ఒకడు ఆగడం నేర్చుకోవాలి. రెండోవాడు, ఆగేవాడు ఆగేదాకా ఆగడం నేర్చుకోవాలి. ఈ రెండో విద్య ఒంటరిగా బంతి కొట్టుకుంటూ ప్లాస్టిక్ శంకువుల మధ్య ఎంతసేపు తిరిగినా రాదు.

ఐదు జవాబులు

అడ్డు పడిన వెంటనే ప్రత్యర్థులిద్దరూ ఏదో ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయాలు స్థూలంగా ఐదు రకాలు.

మొదటిది, కాపలాదారు అడ్డును రింగుకు దగ్గరి వైపునుంచి చుట్టి రావడం. వెళ్ళే దారి దగ్గరవుతుంది కాని, బంతి నడిపేవాడికి ఎదురుగా ఒక క్షణం ఎవరూ ఉండరు. మంచి షూటర్ అయితే అక్కడే షాట్ వేస్తాడు. కానివాడయితే, అడ్డు నిలిచినవాడు కోణం మార్చి రింగుకు ఇంకా దగ్గరగా రెండోసారి అడ్డు నిలవాలి.

రెండోది, కాపలాదారు అడ్డు మీదుగా వెంటబడడం, అడ్డు నిలిచినవాడి ప్రత్యర్థి రింగు దగ్గరికి వెనక్కి తగ్గి కాచుకోవడం. డ్రాప్ అంటారు దీన్ని. ఇక్కడ బంతి నడిపేవాడు వేగం తగ్గించాలి. వెంటబడినవాణ్ణి వీపు వెనకే ఉంచుకొని, రింగు దగ్గర కాచుకున్నవాడు తనవైపు ఒక అడుగు వేసేదాకా ఓపిక పట్టాలి. వాడు అడుగు వేస్తే బంతి గాలిలోకి లేచి, దూసుకొస్తున్న సహచరుడికి అందాలి. వేయకపోతే నడిమి దూరం నుంచి షాట్ వేయాలి.

మూడోది, ఇద్దరూ కలిసి బంతి మీద పడడం. అప్పుడు అడ్డు నిలిచినవాడు రింగు దాకా పరుగెత్తితే వాడికి బంతి చేరే దారి ఉండదు. ఫ్రీ త్రో గీత దగ్గర ఆగి, బంతి అందుకొని, రింగు వైపు తిరగాలి. వాడు తిరిగే క్షణానికి తనవాళ్ళు నలుగురు, ముందున్న ప్రత్యర్థులు ముగ్గురు. 2015లో విజేతలైన గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటలో ఇది తరచుగా కనిపించేది. స్టెఫెన్ కర్రీ మీద ఇద్దరు పడితే బంతి డ్రేమండ్ గ్రీన్ చేతికి వెళ్ళేది. గ్రీన్ ఆ నలుగురు ముగ్గురి లెక్కను ఒక డ్రిబుల్‌లో, ఒక పాస్‌లో తేల్చేసేవాడు.

నాలుగోది, ప్రత్యర్థులు తమ తమ మనుషులను మార్చుకోవడం, అంటే స్విచ్. అప్పుడు పొట్టివాడి ముందు పొడుగువాడు, పొడుగువాడి ముందు పొట్టివాడు మిగులుతారు. ఆ రెండు అసమానతల్లో ఏది లాభమో ఒక్క చూపులో తేల్చుకోవాలి. ఐదోది, అడ్డు వైపు అసలు రానివ్వకుండా బంతిని పక్క గీత వైపు తోసుకుపోవడం. దానికి విరుగుడు అడ్డు నిలిచినవాడు అటు నుంచి ఇటు తిరిగి నిలవడం, లేదా అడ్డు మానేసి ఖాళీ చోటికి జారిపోవడం.

ఈ ఐదింటిలో ఏ ఒక్కదానికీ ఒంటరి జవాబు లేదని గమనించండి. అంతకన్నా ముఖ్యంగా, పొడుగువాడి జవాబుల్లో సగం పొట్టివాడి విద్యలు. ఫ్రీ త్రో గీత దగ్గర బంతి అందుకొని తిరిగి, ఒక్క డ్రిబుల్‌తో లెక్క చూసి, మూల నిలబడ్డవాడికి పాస్ వేయడం గార్డు చేసే పని. పొట్టివాడి జవాబుల్లో సగం పొడుగువాడి కళ్ళతో చూడవలసినవి. అడ్డు నిలిచినవాడు ఎప్పుడు తిరుగుతాడో, ఏ చేతిని బంతి కోసం చాపుతాడో, బంతి ఎంత ఎత్తున వస్తే అందుకోగలడో తెలియనివాడు పాస్ వేయలేడు. ఇక మిగిలిన ముగ్గురూ ప్రేక్షకులు కారు. రింగు వైపు దూసుకొచ్చేవాణ్ణి ఆపడానికి మూలనున్న కాపలాదారు ఒక అడుగు లోపలికి వేస్తే, వాడు వదిలేసిన సహచరుడు ఆ క్షణంలోనే మూలనుంచి పైకి జరిగి బంతికి దారి చూపాలి.

ఒక గంట సాధన ఎలా గడుస్తుంది

మన బడుల్లోనూ కళాశాలల్లోనూ నేను చూసిన సాధన చాలావరకు ఇలా ఉంటుంది. ఈల మోగుతుంది. పొడుగ్గా ఉన్న ఐదారుగురు రింగు కింద చేరి, వీపు రింగుకు పెట్టి బంతి అందుకోవడం, తిరిగి వేయడం, రీబౌండ్ పట్టడం, మళ్ళీ వేయడం. మిగిలినవారు అవతలి సగంలో శంకువుల మధ్య డ్రిబుల్ చేయడం, వరసలో నిలబడి దూరపు షాట్లు వేయడం. 40 నిమిషాలు ఇలా గడిచాక చివర అందరినీ కలిపి ఆట ఆడిస్తారు. ఆ ఆటలో శిక్షకుడు పక్కనుంచి 'స్క్రీన్ వెయ్, స్క్రీన్ వెయ్' అని అరుస్తాడు. పొడుగు పిల్లవాడు పరుగెత్తుకొచ్చి బంతి ఉన్నవాడి పక్కన నిలబడతాడు. ఎవరి దారికీ అడ్డు కాకుండా, ఎవరికీ తగలకుండా. బంతి ఉన్నవాడు వాణ్ణి చూడకుండా రెండో వైపు వెళ్ళిపోతాడు. శిక్షకుడు తల పట్టుకుంటాడు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. 40 నిమిషాలు విడివిడిగా నేర్పిన విద్య చివరి 20 నిమిషాల్లో దానంతట అది అతుక్కుంటుందని ఆశించడమే తప్పు.

సేద్యం తెలిసినవారికి ఒక పోలిక చెబుతాను. కాడికి రెండు ఎద్దులు కడతారు. ఎడమ వైపుది దాపటి ఎద్దు, కుడి వైపుది వలపటి ఎద్దు. దాపట అలవాటైనదాన్ని వలపట కడితే ఇబ్బంది పడుతుందని రైతుకు తెలుసు. అంటే స్థానానికి తగిన నేర్పు అన్నది అబద్ధం కాదు. అయినా, కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు రైతు దాన్ని ఒంటరిగా తిప్పి వదిలేయడు. నెమ్మది తెలిసిన పాత ఎద్దుతో జతకట్టి నడిపిస్తాడు. పక్కదాని అడుగును బట్టి తన అడుగు వేయడమే అది నేర్చుకోవలసిన అసలు విద్య. దాపటి ఎద్దులన్నిటినీ ఒక పొలంలో, వలపటి ఎద్దులన్నిటినీ మరో పొలంలో సాధన చేయించి, ఏరువాక నాడు జతకట్టే రైతును నేను చూడలేదు. బాస్కెట్‌బాల్ కోర్టులో మాత్రం వారానికి ఆరు రోజులు చూస్తున్నాను.

మన కబడ్డీలో కూడా ఇంతే. మూలనున్నవాడు, వాడి పక్కవాడు చెయ్యీ చెయ్యీ పట్టుకొని గొలుసు కట్టి రైడర్‌ను పడతారు. ఆ పట్టును ఒక్కడి చేత సాధన చేయించాలన్న ఊహే ఎవరికీ రాదు.

స్థాన సాధన ఎక్కడ పుట్టింది

పొజిషన్ డ్రిల్స్ పనికిరానివని నేను అనడం లేదు. వాటి వెనక గొప్ప చరిత్ర ఉంది. 1940లలో షికాగో నగరంలోని డిపాల్ విశ్వవిద్యాలయానికి జార్జ్ మైకన్ అనే యువకుడు వచ్చాడు. బాగా పొడుగు, కళ్ళద్దాలు, నడకలో తడబాటు. అంత పొడుగువాళ్ళు ఈ ఆటకు పనికిరారని చాలామంది అనుకొనే కాలమది. శిక్షకుడు రే మేయర్ అతనిచేత తాడాట ఆడించాడు, నాట్యం నేర్పించాడు, రింగుకు రెండు పక్కలనుంచీ మార్చి మార్చి రెండు చేతులతోనూ బంతి వేయించాడు. మైకన్ తన కాలానికి మేటి ఆటగాడయ్యాడు. ఆ సాధనకు మైకన్ డ్రిల్ అనే పేరు నిలిచిపోయింది. నేటికీ ప్రపంచంలో ఏ మూల ఈ ఆట నేర్పినా ఆ డ్రిల్ నేర్పుతారు. ఆ తరవాత పీట్ న్యూవెల్ 1976 నుంచి పొడుగు ఆటగాళ్ళ కోసం ప్రత్యేక శిబిరాలు నడిపాడు. ఆయన ప్రధానంగా నేర్పింది పాదాల పని.

ఈ రెండు ఉదాహరణల్లోనూ ఒక పోలిక నాకు కనిపిస్తుంది. పొడుగువాడికి లేనిదాన్ని నేర్పారు. చురుకుదనం, సమతూకం, రెండో చెయ్యి, పాదాల తెలివి. పొడుగువాడు ఎటూ పొడుగే కనుక రింగు కింద నిలబెడితే చాలు అని వారు అనుకోలేదు. ఆ స్ఫూర్తి పోయి వరసలు మాత్రం మిగిలాయి.

జంటగా సాధన చేసినవారి సంగతి చూడండి. యూటా జాజ్ జట్టులో జాన్ స్టాక్టన్, కార్ల్ మలోన్ 18 సీజన్లు కలిసి ఆడారు. ఒకరు 1.85 మీటర్ల గార్డు, మరొకరు 2.06 మీటర్ల ఫార్వర్డ్. శిక్షకుడు జెర్రీ స్లోన్ కాలంలో వారి పిక్ అండ్ రోల్ వస్తుందని దేశమంతా తెలుసు, ప్రత్యర్థులకు మరీ బాగా తెలుసు, అయినా ఆపలేకపోయేవారు. స్టాక్టన్ పేరిట 15,806 అసిస్టులు, మలోన్ పేరిట 36,928 పాయింట్లు ఉన్నాయి. 1997, 1998 ఫైనల్స్‌లో షికాగో బుల్స్ చేతిలో ఓడారు కాబట్టి వారికి కప్పు దక్కలేదు. కాని అడ్డు ఎలా నిలవాలో, ఎలా దాటాలో చూపమంటే నేటికీ శిక్షకులు చూపేది ఆ ఇద్దరినే. దాపట, వలపట అలవాటు అంటే అది.

అంతకన్నా ముందుకు వెళ్ళినవారు జర్మనీ వాడు డర్క్ నొవిట్స్కీ, సెర్బియా వాడు నికోలా యోకిచ్. నొవిట్స్కీ ఎత్తు 2.13 మీటర్లు. అతని గురువు హోల్గర్ గెష్విండ్నర్ ఆ ఎత్తు చూసి అతణ్ణి రింగు కింద పాతేయలేదు. దూరపు షాటూ, పాసూ, డ్రిబులూ నేర్పాడు. అడ్డు నిలిచి వెనక్కి జరిగి షాట్ వేసే నొవిట్స్కీని ఎలా కాయాలో తేలక ఎన్నో జట్లు తికమకపడ్డాయి. 2011లో డాలస్ మావెరిక్స్ మియామీ హీట్‌ను ఓడించి కప్పు గెలిచినప్పుడు ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు అతనే. యోకిచ్ అయితే సెంటర్ స్థానంలో ఆడుతూ జట్టు ఆటంతా నడిపిస్తాడు. 2023 ఫైనల్స్ మూడో ఆటలో డెన్వర్ నగ్గెట్స్ తరఫున యోకిచ్, జమాల్ మర్రీ ఇద్దరూ 30కి పైగా పాయింట్లతో, పదికి తక్కువ కాని రీబౌండ్లతో, పదేసి అసిస్టులతో ముగించారు. ఒకే ఆటలో ఒకే జట్టువారు ఇద్దరు ఇలా చేయడం అంతకు ముందెన్నడూ లేదు. వారిద్దరి మధ్య అడ్డు ఎవరు నిలుస్తారో, బంతి ఎవరు నడుపుతారో ముందుగా చెప్పలేం. ప్రత్యర్థికి అదే కష్టం.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఈ మాటలు తోటి శిక్షకులతో అన్నప్పుడల్లా మూడు అభ్యంతరాలు వస్తుంటాయి. మూడింటిలోనూ కొంత న్యాయం ఉంది.

ఒకటి: నొవిట్స్కీలూ యోకిచ్‌లూ కోటికొకరు, మన పిల్లలకు వారితో పోలికేమిటి? నిజమే. కాని నేను అడుగుతున్నది యోకిచ్‌ను తయారు చేయమని కాదు. పొడుగు పిల్లకు బంతి అందుకొని తిరిగి, ఒక్క డ్రిబుల్ వేసి, ఒక్క పాస్ వేయడం నేర్పమని. అది కోటికొకరికి వచ్చే విద్య కాదు. ఒక వేసవి సెలవుల్లో ఎవరికైనా వచ్చే విద్య.

రెండు: 40 మంది పిల్లలు, రెండు రింగులు, ఒక గంట సమయం, విడదీయకపోతే ఎలా? ఇది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. కాని విడదీయడం ఎలాగూ తప్పనప్పుడు ఎత్తును బట్టే ఎందుకు విడదీయాలి? జంటలుగా విడదీయవచ్చు, నలుగురి గుంపులుగా విడదీయవచ్చు. అడ్డు నిలవడానికీ దాటడానికీ అసలు రింగే అక్కరలేదు. మూడోవంతు కోర్టు, ఒక బంతి, నలుగురు పిల్లలు చాలు.

మూడు: మొదట అక్షరాలు, తరవాతే వాక్యాలు, డ్రిబులూ పాసూ సరిగా రానివాడికి స్క్రీన్ ఏమిటి? అక్షరాలు కావాలి, కాదనను. కాని పసివాడు అక్షరాలన్నీ నేర్చాక మాట్లాడడం మొదలుపెట్టడు. మాట్లాడుతూ మాట్లాడుతూ అక్షరాల దగ్గరికి వస్తాడు. తాను చేసే డ్రిబుల్ ఎందుకో తెలిసినవాడు ఆ డ్రిబుల్‌ను త్వరగా నేర్చుకుంటాడు.

మనకు కోచింగ్ అన్న మాట వినగానే ఆట కన్నా ముందు ప్రవేశ పరీక్షలే గుర్తుకు వస్తాయి. అక్కడ ప్రశ్న ఇదీ, జవాబు ఇదీ అని గైడు చూసి బట్టీ పట్టిస్తారు. కోర్టులోనూ మనం అదే చేస్తున్నామేమో అనిపిస్తుంది. ఎదుట ప్రత్యర్థి లేని డ్రిల్ ప్రశ్న లేని జవాబు. శంకువు ఎన్నడూ నిర్ణయం మార్చుకోదు. మనిషి మార్చుకుంటాడు.

నేను చేయిస్తున్నది

నా పద్ధతి పెద్ద గొప్పదేమీ కాదు, ఎవరైనా చేయించవచ్చు. గంటలో మొదటి 10 నిమిషాలు అందరూ ఒకే పని చేస్తారు. పొడుగువారూ పొట్టివారూ కలిసి మైకన్ డ్రిల్, కలిసి డ్రిబుల్. ఆ తరవాత 25 నిమిషాలు ఇద్దరికిద్దరు. ఒకడు అడ్డు నిలుస్తాడు, ఒకడు బంతి నడుపుతాడు, ఇద్దరు కాస్తారు. కాసేవారికి మాత్రమే కనబడేలా వెనకనుంచి వేళ్ళతో సైగ చేస్తాను. ఒక వేలు చూపితే చుట్టి రావాలి, రెండయితే వెంటబడాలి, మూడయితే ఇద్దరూ బంతి మీద పడాలి, నాలుగయితే మనుషులను మార్చుకోవాలి, ఐదయితే పక్క గీత వైపు తోయాలి. ఆడేవారు కళ్ళతో చూసి జవాబు వెతుక్కోవాలి. నాలుగు సార్లకొకసారి పాత్రలు మారతాయి. బంతి నడిపినవాడు అడ్డు నిలుస్తాడు, అడ్డు నిలిచినవాడు బంతి నడుపుతాడు. పొట్టివాడు కనీసం పదిసార్లు అడ్డు నిలిచి ఛాతీ మీద దెబ్బ తిన్నాక, రేపు తన కోసం అడ్డు నిలిచేవాడి పట్ల వాడికి కలిగే గౌరవం వేరు. అటు తరవాతే వాడు ఆగడం నేర్చుకుంటాడు.

ఆ తరవాత 10 నిమిషాలు స్థాన సాధన. అది ఎత్తును బట్టి కాదు, ఆ రోజు ఎవరికి ఎక్కడ తడబాటు కనిపించిందో దాన్ని బట్టి. అడ్డు నుంచి తిరిగేటప్పుడు బంతికి వీపు పెట్టేవారంతా ఒకచోట పాదాల పని చేస్తారు. ఇద్దరు మీద పడితే బంతి జారవిడిచేవారంతా మరోచోట. చివరి 15 నిమిషాలు ముగ్గురికి ముగ్గురు ఆట. ఆ ఆటలో బంతి వేసినవాడికి రెండు పాయింట్లయితే, ఆ బుట్టకు దారి తీసిన అడ్డు నిలిచినవాడికి కూడా రెండు పాయింట్లు. అసలు ఆటలో స్కోరు పట్టీ మీద అడ్డుకు లెక్క లేదు. పాయింటుకు ఉంది, అసిస్టుకు ఉంది, రీబౌండుకు ఉంది. లెక్కలోకి రాని పనిని పిల్లలు మనసు పెట్టి చేయరు, పెద్దలం మాత్రం చేస్తున్నామా?

ఇందులో పిల్లలకు పోయేది

మొదట్లో నష్టం పిల్లలకే ఎక్కువ అన్నాను. 12 ఏళ్ళప్పటి ఎత్తు 18 ఏళ్ళప్పటి ఎత్తు కాదు. ముందుగా పెరిగినవారు ముందుగా ఆగిపోవచ్చు. వెనకబడినవారు ఒక్కసారిగా పెరగవచ్చు. ఆంథొనీ డేవిస్ బడిలో చాలాకాలం గార్డుగా ఆడాడు. ఆ తరవాత కొద్దికాలంలోనే దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగి పొడుగు ఆటగాడయ్యాడు. గార్డుగా నేర్చిన చేతివాటం అతనితోపాటే పెరిగింది. అది అదృష్టం కొద్దీ జరిగింది. దీనికి తలకిందులైన కథలు మనకు వినబడవు, ఎందుకంటే ఆ పిల్లలు ఆట మానేస్తారు.

నాకు తెలిసిన ఒక అమ్మాయి 12 ఏళ్ళకే తరగతిలో అందరికన్నా పొడుగు. ఆమె ఆడిన జట్టులో నాలుగేళ్ళు రింగు కిందే నిలబెట్టారు. రీబౌండ్ పట్టి బంతి నేలకు కొడితే ఈల వేసి ఆపేవారు, 'గార్డుకు ఇచ్చెయ్' అనేవారు. 16 ఏళ్ళకు పెద్ద ఎంపిక పోటీలకు వెళ్ళింది. అప్పటికి ఆమె ఎదుగుదల ఆగి రెండేళ్ళయింది. అక్కడి సెంటర్లందరూ ఆమె కన్నా జానెడు పొడుగు. 'నీ ఎత్తుకు గార్డుగా ఆడాలి, బంతి నడిపి చూపించు' అన్నారట. నాలుగేళ్ళు చేయవద్దని చెప్పిన పనిని నాలుగు నిమిషాల్లో చేసి చూపించమంటే ఎవరు చూపగలరు? ఆమె ఆ తరవాత ఆడలేదు. ఆమెకు ప్రతిభ లేదని ఎవరూ అనలేరు. ఆమె ప్రతిభ ఏమిటో కనుక్కొనే అవకాశాన్ని కొలత టేపు ఒకటి ముందే తీసేసుకుంది.

1980 ఫైనల్స్ ఆరో ఆటలో లేకర్స్ సెంటర్ కరీం అబ్దుల్ జబ్బార్ గాయం వల్ల ఆడలేకపోతే, 20 ఏళ్ళ గార్డు మేజిక్ జాన్సన్ అతని స్థానంలో ఆట మొదలుపెట్టాడు. 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులతో ఆ రాత్రే కప్పు గెలిపించాడు. 2.06 మీటర్ల ఆ కుర్రవాణ్ణి చిన్ననాడు ఎవరో ఒకరు బంతి నడపనిచ్చారు. ఆ అనుమతి మన పొడుగు పిల్లలకు కూడా దక్కాలి. మన పొట్టి పిల్లలకు ఇంకొకరి కోసం గట్టిగా నిలబడే అవకాశమూ దక్కాలి. వీటికి కొత్త స్తంభాలు అక్కరలేదు, చెక్క గచ్చు అక్కరలేదు. ఈల ఊది పిల్లలను వరసలు కట్టించేటప్పుడు, ఎత్తు చూడకుండా ఇద్దరిద్దరుగా నిలబెడితే చాలు.

ఆట ఆడినవారూ, ఆడించేవారూ, పిల్లలను మైదానానికి పంపేవారూ ఎవరైనా ఈ టపా చదివితే, మీ ఊరి కోర్టులో సాధన ఎలా జరుగుతోందో రాయండి. నా లెక్క తప్పని చూపించే అనుభవం ఉంటే అది మరీ తప్పకుండా రాయండి.